పాత ట్రాక్టరు కొందామా? గడ్డి పనికి సరిపడే బండిని ఎంచుకోవడం ఎలా?

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు పెద్దలు పింఛను గురించి, వైద్య సదుపాయం గురించి మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం కాస్త వేరు. చిన్న కమతంలో పశువుల మేతకు గడ్డి కోసుకోవడానికి, ఎండబెట్టుకోవడానికి, కట్టలు కట్టి ఇంటికి చేర్చుకోవడానికి పాత ట్రాక్టరు కొనవచ్చునా, కొంటే ఎలాంటిది కొనాలి అన్నది విషయం. ఉద్యోగకాలమంతా యంత్రాల మరమ్మతు పనిలో గడిపినవాణ్ణి గనుక కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నారు.

ఇది మనకు సంబంధంలేని విషయమని ఎవరూ అనుకోవద్దు. 1933లో పోర్టు తెరిచిన నాటి నుంచీ, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన నాటి నుంచీ విశాఖ చుట్టుపక్కల పల్లెల వారెందరో ఈ ఊరికి ఉద్యోగాలకు వచ్చారు. సబ్బవరం, చోడవరం, యలమంచిలి, కొత్తవలస, శృంగవరపుకోట – మనలో సగంమందికి ఈ ప్రాంతాలలో ఎక్కడో ఒకచోట రెండెకరాలో, అయిదెకరాలో ఉన్నాయి. పదవీ విరమణ కాగానే చాలామందికి ఆ భూమి గుర్తుకొస్తుంది. రెండు ఆవులు, ఒక గేదె కొంటారు. పాలు డెయిరీకి పోస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి గడ్డి సమస్య ఎదురవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి, "మామయ్యా, పాత ట్రాక్టరొకటి చౌకగా ఉంది, తీసుకుంటావా?" అంటారు.

అక్కడే జాగ్రత్త కావాలి. మనలో చాలామంది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కిందికి వస్తారు. ఆ పథకంలో కనీస పింఛను 2014లో నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించారంటే అది ఎంతటి ఆధారమో వేరే చెప్పనక్కరలేదు. అంటే మనకు అసలు ఆధారం చేతికి వచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు సొమ్మే. అది మళ్లీ రాదు. ఆ సొమ్ముతో కొన్న బండి షెడ్డులో పడి ఉంటే పోయేది ఇనుము ఒక్కటే కాదు, ఇంటివారి వైద్యానికి దాచుకున్న ధైర్యం కూడా పోతుంది.

మొదట గడ్డి లెక్క

బండి గురించి ఆలోచించే ముందు గడ్డి లెక్క వేయండి. పెద్ద పశువుకు రోజుకు అయిదారు కిలోల ఎండుగడ్డి కావాలి. ఏడాదికి సుమారు 2 టన్నులు. మంచి వరి పైరు నుంచి ఎకరానికి దాదాపు అంతే గడ్డి వస్తుంది. అంటే ఎకరా వరిగడ్డి ఒక పశువుకు ఏడాది మేత అని పైపైన గుర్తుంచుకోవచ్చు. మూడు పశువులున్నవారికి మూడెకరాల గడ్డి. ఇందుకు సొంత ట్రాక్టరు కావాలా అన్నది మొదటి ప్రశ్న.

పూర్వం ఈ ప్రశ్నే లేదు. కొడవలితో కోసి, పనలు ఆరబెట్టి, కుప్ప వేసి, సంక్రాంతి లోపు కల్లంలో నూర్చి, గడ్డి మేటు వేసేవారు. కోస్తా జిల్లాలలో వరి కోతల తరువాత జనుము, పిల్లిపెసర చల్లి, ఆ మేతను ఎండబెట్టి, వరిగడ్డితో పొరలు పొరలుగా కలిపి వామి వేసే అలవాటు కూడా ఉంది. ఇది చాలా తెలివైన పద్ధతి. వరిగడ్డిలో మాంసకృత్తులు బాగా తక్కువ. పప్పుజాతి మేత ఆ లోటు తీరుస్తుంది.

ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాయి. అవి గింజ తీసుకొని గడ్డిని పొలంలో వరుసలుగా వదిలి వెళతాయి. చేతితో ఎత్తించాలంటే కూలీలు దొరకరు. పదిరోజులు అలాగే ఉంటే మంచు, వాన తగిలి పాడవుతుంది. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయం ఉండనే ఉంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరులో శ్రీకాకుళం వైపు వచ్చిన తిత్లీని ఎవరూ మరచిపోలేదు. అందుచేత ఎండ కాసిన నాలుగు రోజులలోనే గడ్డి కట్టలు కట్టి కప్పు కిందికి చేర్చడం అవసరమైంది. ఆ పనికి ట్రాక్టరు, దాని వెనుక బేలరు కావాలి.

కొనాలా, అద్దెకు తేవాలా?

లెక్క కోసం ఒక బండి ధర 2 లక్షలనుకుందాం. ఆ సొమ్ము డిపాజిట్టులో ఉంటే నూటికి ఏడున్నర చొప్పున ఏడాదికి 15,000 వచ్చేది. బీమా వగైరాలకు 5,000, మరమ్మతులకు, టైర్లకు, ఆయిలు మార్చడానికి 20,000 వేయండి. మొత్తం 40,000. బండి ఏడాదికి 80 గంటలే తిరిగితే గంటకు 500 రూపాయలు, డీజిలు పోయకముందే ఖర్చయినట్టు. అదే 200 గంటలు తిరిగితే గంటకు 200. డీజిలు, డ్రైవరు కూలి దీనికి అదనం. 35 అశ్వశక్తి బండి ఓ మోస్తరు పనిలో గంటకు మూడు నాలుగు లీటర్లు తాగుతుంది.

మీ ఊళ్లో అద్దె ఎంతో కనుక్కొని ఈ లెక్కతో పోల్చండి. మూడెకరాలు, మూడు పశువులు ఉన్నవారికి చాలావరకు అద్దెకు పిలుచుకోవడమే లాభం. అయితే అద్దెబండి మనకు కావలసిన రోజున రాదు. అందరి పంటా ఒక్కసారే కోతకు వస్తుంది. వాన మబ్బు పట్టినప్పుడు అద్దెబండి పెద్ద రైతు పొలంలో ఉంటుంది. ఈ ఇబ్బంది విలువ ఎంతో ఎవరికి వారే తేల్చుకోవాలి. నలుగురు అన్నదమ్ములో, ఇరుగుపొరుగు రైతులో కలిసి ఒక బండి పెట్టుకుంటే గంటలు పెరుగుతాయి, ఖర్చు తగ్గుతుంది. కాని ఎవరి వంతు ఎప్పుడు, మరమ్మతు ఖర్చు ఎవరిది అన్నది ముందే కాగితం మీద వ్రాసుకోవాలి. బంధుత్వం చెడకుండా ఉండాలంటే నోటిమాట చాలదు.

ఏ శక్తి గల బండి కావాలి?

గడ్డి పోగుచేసే రేకుకు, తేలికపాటి కోత యంత్రానికి, ట్రక్కు లాగడానికి 25 అశ్వశక్తి చాలు. చిన్న గుండ్రని కట్టలు కట్టే బేలరుకు 35 ఉండాలి. పలకల కట్టలు కట్టే బేలరుకు సాధారణంగా 45కు తక్కువైతే ఇబ్బంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అమ్మేవారు చెప్పేది ఇంజను శక్తి. బేలరుకు అందేది వెనుకనున్న పి.టి.ఓ. షాఫ్టు దగ్గరి శక్తి. అది ఇంజను శక్తికన్నా కొంత తక్కువే ఉంటుంది. పాతబడ్డ ఇంజనులో ఇంకా తగ్గుతుంది. మధ్యప్రదేశ్‌లోని బుధ్నిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి పి.టి.ఓ. శక్తి, లిఫ్టు సామర్థ్యం, డీజిలు వాడకం నివేదికలలో ఇస్తుంది. మన రాష్ట్రంలో అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఇటువంటి సంస్థ ఉంది. చదువుకున్న పిల్లల చేత ఆ నివేదిక తెప్పించుకొని చూడడం మంచిది.

బేలరు, కోత యంత్రం వంటివి చాలావరకు పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరిగేలా తయారవుతాయి. ఆ వేగం ఇంజను ఎన్ని చుట్ల దగ్గర వస్తుందో మీటరు మీద గుర్తు ఉంటుంది. బండి ఆ వేగంలో ఉండగానే చక్రాలు నెమ్మదిగా, నడిచే మనిషి వేగంతో పోవాలి. అటువంటి గేరు ఉందో లేదో నడిపి చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది క్లచ్చి. కొన్ని పాత బండ్లలో ఒకే క్లచ్చి ఉంటుంది. పెడల్ తొక్కితే చక్రాలతోపాటు పి.టి.ఓ. కూడా ఆగిపోతుంది. గడ్డి వరుస దట్టంగా వచ్చినప్పుడు బండి ఆగి, బేలరు మాత్రం తిరుగుతూ ఆ గడ్డిని మింగాలి. రెండూ ఆగిపోతే గడ్డి ఇరుక్కుంటుంది. దాన్ని చేతితో పీకబోయినప్పుడే ప్రమాదాలు జరుగుతాయి. రెండంచెల క్లచ్చి ఉంటే సగం తొక్కినప్పుడు బండి ఆగుతుంది, షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. పరీక్ష సులభం. పి.టి.ఓ. వేసి, బండిని మెల్లగా నడుపుతూ, పెడల్ సగం తొక్కమనండి. బండి ఆగి షాఫ్టు తిరిగితే సరే. లేకపోతే ఆ బండి ట్రక్కుకూ రేకుకూ పనికివస్తుందిగాని, బేలరుకు వద్దు.

మన ప్రాంతంలో దొరికే పాత బండ్లు

హ్యారీ ఫెర్గూసన్ అనే ఐరిష్ ఇంజనీరు కనిపెట్టిన మూడు చేతుల లిఫ్టు 1939లో ఫోర్డు ట్రాక్టరుతో లోకమంతా పాకింది. 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండులో ఆయన పేరుతో తయారైన చిన్న బూడిద రంగు బండ్లు 5 లక్షలకు పైగా ఉన్నాయి. అక్కడి చిన్న రైతులలో కొందరు ఇప్పటికీ వాటితో గడ్డి పని చేసుకుంటారు. వాటి తరువాత వచ్చిందే మాసీ ఫెర్గూసన్ 35. మద్రాసులో 1960లో ఏర్పడిన టాఫే సంస్థ ఆ వంశాన్ని మన దేశంలో కొనసాగించింది. మనం చూసే మాసీ 1035 ఆ కోవలోదే. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను. విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, పల్లె మెకానిక్కులకు చేయి తిరిగిన బండి.

మహీంద్రా వారి బి-275 ఇంటర్నేషనల్ హార్వెస్టరు సంస్థతో 1963లో కుదిరిన పొత్తు నుంచి వచ్చింది. నాలుగు సిలిండర్లు. నిదానమైన, గట్టి బండి. పంజాబ్ ట్రాక్టర్స్ వారి స్వరాజ్ 1974లో మొదలైంది. 735 మోడలు మన వైపు కూడా కనిపిస్తుంది. ఆ సంస్థను 2007లో మహీంద్రా వారు తీసుకున్నారు గనుక విడిభాగాలకు లోటు లేదు. ఐషర్ పాత 25 అశ్వశక్తి బండ్లలో ఒకే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను. డీజిలు పొదుపులో దానికి మంచి పేరు. అయితే గడ్డి పనిలో పొట్టు, ధూళి ఆ ఇంజను రెక్కల మధ్య చేరి గాలిని అడ్డుకుంటాయి. రోజూ శుభ్రం చేసే ఓపిక ఉన్నవారే దాన్ని కొనాలి.

హెచ్.ఎం.టి. బండ్లు 1971లో చెకొస్లొవేకియా జెటర్ సంస్థ సహకారంతో హర్యానాలోని పింజోరులో మొదలయ్యాయి. గట్టి ఇనుము. మనలాగే ప్రభుత్వరంగంలో పనిచేసిన యంత్రాలు కదా అని చాలామందికి అభిమానం. కాని ఆ ట్రాక్టరు విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. విడిభాగాలు మార్కెట్టులో వెతుక్కోవాలి. ధర తక్కువగా చెప్పడానికి ఇదొక కారణం.

ఏ కంపెనీ మంచిదని నన్ను అడిగితే నా సమాధానం ఒక్కటే: మీ ఊరికి సైకిలు మీద రాగలిగే మెకానిక్కుకు ఏ బండి బాగా తెలుసో అది మంచిది.

చూసే పద్ధతి

గేదె చెరువులో ఉండగా కొమ్ములకు బేరం పెట్టవద్దని పెద్దలు చెప్పారు. బండిని పగటివేళ, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మనం వెళ్లేసరికే ఇంజను వేడెక్కి ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించి, మరో ఉదయం వస్తామని చెప్పి రావాలి.

మొదట, ఆ బండి పూర్వం ఏ పని చేసిందో తెలుసుకోండి. అనకాపల్లి, చోడవరం వైపు చెరకు మోసిన బండ్లు ఎక్కువ. మోత పని చేసిన బండికి క్లచ్చి, బ్రేకులు, వెనుక కొక్కెం అరుగుతాయి. గేరుపెట్టె, వెనుక ఇరుసు పోత భాగాల మీద పగుళ్లు, అతుకులు ఉన్నాయేమో గుడ్డతో తుడిచి చూడాలి. కొత్త రంగు అక్కడొక్కచోటే వేసి ఉంటే మరీ జాగ్రత్త. దమ్ము పని చేసిన బండి జాడ్యం వేరు. ఇనుప చక్రాలతో బురదలో తిరిగి తిరిగి సీళ్లు అరిగి, ఇరుసులోకి నీరు చేరుతుంది. వెనుక ఆయిలు బిరడా విప్పి చూస్తే నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటుంది. అలాంటి బండికి బేరింగుల ఖర్చు తప్పదు.

తరువాత ఇంజను. డిప్‌స్టిక్కు మీద నూనె తెల్లగా ఉన్నా, రేడియేటరు నీటిలో నూనె తేలుతున్నా వదిలేయండి. స్టార్టు చేసినప్పుడు కాసేపు తెల్లపొగ రావడం సహజం. వేడెక్కిన తరువాత నీలంపొగ వస్తే ఇంజను నూనె తాగుతోందని అర్థం. బరువు లాగేటప్పుడు దట్టంగా నల్లపొగ వస్తే ఇంజెక్టర్లు, పంపు, గాలి వడపోత చూపించాలి. నూనె పోసే మూత తీస్తే పొగ గుప్పుమని ఊపిరిలా వస్తూంటే రింగులు, లైనర్లు అరిగాయి. నూనె ఒత్తిడి మీటరు పనిచేయకపోతే పనిచేసేది పెట్టించి చూపమనండి. గంటల మీటరును నమ్మవద్దు. పెడల్ రబ్బరు, స్టీరింగు, సీటు కింది ఇనుము ఎంత అరిగాయో అవే చెబుతాయి.

క్లచ్చికి ఒక పరీక్ష. బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో పెట్టి, క్లచ్చి మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూంటే క్లచ్చి జారుతోంది. ముందు ఎవరూ లేకుండా చూసుకొని ఈ పరీక్ష చేయాలి. లిఫ్టుకు నాగలినో, కల్టివేటరునో తగిలించి ఎత్తి, అలా ఉంచి పది నిమిషాలు కబుర్లు చెప్పుకోండి. అంతలో అది దిగిపోతే హైడ్రాలిక్ పని ఉంది. ముందు చక్రాలు నేల నుంచి లేపి ఊపి చూస్తే పిన్నుల, బుష్షుల అరుగుదల తెలుస్తుంది. వెనుక టైర్లు రెండూ ఒకే కొలతలో ఉన్నాయా, పక్కల పగిలాయా చూడండి. టైర్ల జత ధర బండి ధరలో పెద్ద భాగమే.

ఇంకొక మాట. నడిపేది ఎవరు? అరవై దాటిన మోకాలితో ఆ క్లచ్చి రోజంతా తొక్కగలమా? సీటెక్కి దిగి, పదిసార్లు తొక్కి చూడండి. కొడుకు నడుపుతాడనుకుంటే కొడుకునే తీసుకువెళ్లండి.

కాగితాలు

ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు ఆర్.సి.లో ఉంటే అమ్మకందారు బాకీ తీర్చి, ఫారం 35 మీద ఆ పేరు కొట్టివేయించాలి. బదిలీకి ఫారాలు 29, 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి అధికారుల నిరభ్యంతర పత్రం ఉండాలి. ఒడిశా సరిహద్దు దగ్గరి కొనుగోళ్లలో ఇది గుర్తుంచుకోండి. వ్యవసాయ ట్రాక్టరుకు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లు, తరువాత అయిదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. పాతబండికి ఆ గడువు దాటిందేమో చూడాలి. ట్రక్కుకు రిజిస్ట్రేషను వేరుగా ఉంటుంది. పేరు మారకుండా పూర్తి సొమ్ము ఇవ్వకండి. బీమా లేకుండా రోడ్డెక్కకండి. ఒక్క ప్రమాదం చాలు, జీవితకాలపు పొదుపు నష్టపరిహారం కింద పోవడానికి.

గడ్డి, నిప్పు, షాఫ్టు

కట్ట కట్టేటప్పుడు గడ్డిలో తేమ నూటికి 15కు దరిదాపుల్లో ఉండాలి. 20 దాటితే బూజు పడుతుంది, లోపల వేడి పుడుతుంది, ఒక్కొక్కప్పుడు తనంతట తానే అంటుకుంటుంది. గడ్డి మెలితిప్పితే పుటుక్కున విరగాలి, వంగి ఊరుకుంటే ఇంకొక ఎండ కావాలి. పాత బండి సైలెన్సరు నుంచి నిప్పురవ్వలు వస్తాయి గనుక రవ్వలు ఆపే జాలి తగిలించి, రెండు బిందెల నీళ్లు పొలంలో ఉంచుకోండి. గడ్డివాము పక్కన బండి నిలపవద్దు.

షాఫ్టు మీద తొడుగు లేకుండా పనిచేయవద్దు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు 9 చుట్లు. తువ్వాలు అంచు, పైట చెంగు, లుంగీ కొస తగిలితే మనిషి అరిచే లోపు లాగేస్తుంది. పాత బండ్లకు ఆ తొడుగు చాలావరకు ఊడిపోయి ఉంటుంది. ధర మాట్లాడేటప్పుడు దాని ఖర్చు కూడా కలుపుకోండి. గట్లు ఎక్కేటప్పుడు బోల్తా పడితే కాపాడే చట్రం పాత బండ్లకు ఉండదు. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి కొండీ వేయాలి. మనవడు మురిపెంగా మడ్‌గార్డు మీద కూర్చుంటానంటాడు. ఎంత ఏడ్చినా కూర్చోబెట్టకండి. ఈ ఒక్క విషయంలో తాతయ్యలు కఠినంగా ఉండాలని మనవి.

చివరగా

బండి నచ్చినా ఆ రోజే బయానా ఇవ్వకండి. ఇంటికి వచ్చి, ఇంట్లోవారితో కూర్చొని, మూడు అంకెలు వ్రాయండి: బండి ధర, మొదటి ఏడాది మరమ్మతు, ఏడాదికి తిరిగే గంటలు. ధరలో నాలుగోవంతు మరమ్మతుకు విడిగా ఉంచగలిగితేనే ముందుకు వెళ్లండి. వైద్యానికి, ఆడపిల్లల అవసరానికి పెట్టుకున్న సొమ్ము ఆ లెక్కలోకి రాకూడదు. ఏరువాక ముందు అందరూ బండ్ల కోసం తిరుగుతారు, ధర పెరుగుతుంది. కోతలు, నూర్పిళ్లు అయిపోయిన తరువాత నిదానంగా చూస్తే బేరం కుదురుతుంది.

లెక్క కుదరకపోతే సిగ్గుపడనక్కరలేదు. అద్దెబండితో గడ్డి తెచ్చుకొని, 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచి, ఆ తరువాత కాసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ పెద్ద పశువులకు పెడితే అదే గడ్డి ఎక్కువ బలాన్నిస్తుంది. చిన్న దూడలకు మాత్రం పెట్టకూడదు. కొలత తప్పకుండా పశువైద్యుణ్ణి అడిగి చేయండి. దీనికి ట్రాక్టరు అక్కరలేదు.

మన సంఘంలో యంత్రాలు తెలిసినవారు ఎందరో ఉన్నారు. ఎవరైనా బండి చూడడానికి వెళ్లేటప్పుడు కార్యాలయంలో ఒక మాట చెబితే తోడుగా రావడానికి నేనూ, మరి నలుగురూ సిద్ధంగా ఉన్నాము. దారి ఖర్చు కూడా అక్కరలేదు, ఓ గ్లాసు మజ్జిగ చాలు.